కాస్త

నిన్న టీవీలో పిల్ల అంది:
"మా అమ్మ కూడా కాస్త పాడేదండీ."
పిల్ల పేరు నేను చెప్పక్కర్లేదు,
మీ ఫోనుల్లో మోగుతూనే ఉంటుంది.
తల్లి పేరు చెబుతాను, రాసుకోండి.
ఇప్పిలి వరహాలు.
ఊరు పర్లాకిమిడి. శ్రుతి ఐదున్నర.

నేను పాడినవాణ్ణి కాను, వేషం కట్టినవాణ్ణీ కాను.
పక్క తెర వెనక, పెట్రోమాక్సు మసిలో గొంతుక్కూచుని
మాట మరిచినవాళ్లకి మాట అందించేవాణ్ణి.
ఇరవై రెండేళ్లలో ఆవిడకి నేనందించింది
ఒకే ఒక్క మాట.
దాని సంగతి తర్వాత.

కాస్త అంటే ఎంతో నాకు తెలీదు గానీ
గుణుపురంలో కరెంటు పోయిన రాత్రి
మైకు చచ్చాక కూడా రాగం ఆపలేదావిడ.
స్టేషన్లో చిన్నబండి గార్డు
పచ్చ లాంతరు ఎత్తడం మరిచి నిలబడిపోయాడు.
బండి పావుగంట లేటు.
ఆ పావుగంట, కాస్త.

కాశీనగరంలో ముందువాళ్లు వన్స్ మోర్ అంటే
వెనక వరస ఒడియావాళ్లు "ఆవు థరే, ఆవు థరే" అని
బల్లలు విరిగేట్టు చరిచారు.
పద్యంలో ముక్క అర్థంకాని ముసలమ్మ ఒకావిడ
లోపలికొచ్చి, కొంగుముడి విప్పి
పావలా చేతిలో పెట్టి
ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

అప్పటికి పిల్ల పడక కిరీటాల పెట్టె.
కాగితప్పూల మీద పాత చీర పరిచి పడుకోబెట్టేవాళ్లం.
ఓ రాత్రి శోకరంగం.
రాణి చచ్చిన బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఏడవాలి.
గుడ్డలబొమ్మ మీద చెయ్యి వేసి పద్యం ఎత్తుకుంది.
వెనక పెట్టెలో అసలుది
ఆకలికి కేకేసింది.
రాణి రవిక తడిసిపోయింది.
ముందు కుర్చీలవాళ్లు కన్నీళ్లనుకున్నారు.
అప్పుడు మరిచింది, ఒక్కసారే, జన్మలో.
తెర చాటు నుంచి అందించాను:
"తనయా..."

మద్రాసు కూడా వెళ్లింది.
అద్దాలగదిలో నిలబెట్టి పాడమన్నారట.
ముల్లు చివరికంటా పోయి వణికిందట.
"మీ గొంతు మైకుకి పెద్దదమ్మా" అన్నారట,
మర్యాదగానే. కాఫీ కూడా ఇచ్చారట.
బల్ల కింద కూచుని అదే పద్యం
సన్నగా గొణుక్కుంటున్న ఆరేళ్ల గుంటని చూసి
"ఇదెవరు?" అన్నారట.

తిరిగొచ్చినప్పుడు ఆవిడ సంచిలో
పిల్ల కొమ్ముదువ్వెన మిగిలిపోయింది,
పళ్లలో రెండు వెంట్రుకలతో.
మర్నాడు ఏటికవతల పాతపట్నంలో ఆట.
ఆడింది.

అందుకే నిన్నటి మాట
నాకు అన్నంలో రాయిలా తగిలింది.
పొద్దున్నే కర్ర పట్టుకుని వాళ్ల సందుకి పోయాను.
చేట ముందేసుకుని చింతపిక్కలు తీస్తోంది.
"విన్నావా వరహాలూ? కాస్తట!"

తలెత్తకుండానే నవ్వింది.
"ఆ ముక్క నానే సెప్పినాను దానికి.
మొన్న ఫోను సేసి, అమ్మా, నీ గురించడిగితే
ఏటి సెప్పాలి అన్నాది.
కాస్త పాడేదని సెప్పు, సాలు అన్నాను.
ఎక్కువ సెప్తే కెమేరాలట్టుకుని ఈ సందులోకి వొచ్చి
పాడమంతారు. ఏటి పాడతాను, ఈ గొంతుతో?
మాట అందించీది నువ్వొక్కడివే అనుకున్నావేటి?"

నాకు మాట అందలేదు.
అరుగు మీద కూచున్నాను.
కాసేపటికి ఆవిడ పెదాలు కదలడం మొదలయింది.
చప్పుడు లేదు. నాకు చప్పుడక్కర్లేదు,
పెదాలు చూసి పద్యం పోల్చుకోడమే కదా నా బతుకంతా.
శోకరంగమే.
మూడో పాదం దాకా వచ్చింది.
ఆ మాట దగ్గర ఆగింది.

మరిచిందో, నా కోసం ఆగిందో.
మహేంద్రతనయ మీంచి తడిగాలి వచ్చి
చేటలో పొట్టు లేపింది.

నేను అందించలేదు.
ఆవిడ ఇంకో పిక్క తీసి పక్కన పెట్టింది.