ఉన్నాను

పలాస. రాత్రి ఒకటిన్నరకి
రేపటి డయాలసిస్ వంతుల జాబితా
తనంతట తానే తయారవ్వాలి.
ఆదివారం డిస్కు నిండి
జాబు సగంలో చచ్చింది.
ఆ సంగతి ఏదో ఒక టేబుల్లో
టైముతో సహా రాసిపెట్టే ఉంది,
చదివే దిక్కు లేదంతే.
చదవాల్సినవాణ్ణి నేనే.

సోమవారం, కవిటి నుంచి తొలి బస్సుకొచ్చిన నీలాచలం
వాచిన కాళ్లతో బల్ల మీద సాయంత్రందాకా.
"పేరు నేదంతన్నారు బాబూ,
నానున్నాను గదా."

ఆ రాత్రే కూర్చున్నాను.
జీడిపిక్కలు కాల్చిన పొగ కిటికీలోంచి వస్తోంటే
ఇరవైమూడు లైన్ల స్క్రిప్టు.
పావుగంటకోసారి పోయి జాబుల తలుపు తట్టాలి,
అయిందా, ఆగిందా, అసలు మొదలైందా అని.
తేడా వస్తే నా ఫోను మోగించాలి.

పడుకోబోతుంటే తట్టింది:
అడిగేదే పడిపోతే?
మోగని ఫోనుకి రెండర్థాలు.

లేచి ఇంకో లైను కలిపాను,
అంతా బాగున్నా సరే
తెల్లారి నాలుగింటికి ఒక్క మాట పంపమని.

ఇప్పుడు రోజూ దిండు కింద
"ఉన్నాను."
మా ఆవిడ విసుక్కుని అటు తిరుగుతుంది.
నీలాచలం మాత్రం మెసేజీ వచ్చినా నమ్మడు,
కౌంటరు అద్దానికి ముక్కు ఆనించి
పేరు చూపించమంటాడు.
చూపిస్తాను.