అయిదో చుక్క

నెబ్రాస్కాలో మంచు పడే ఉదయం.
రెండు ఇనప తలుపులు దాటాక నా బల్ల.
కొయ్యపిడి, మొండి సూది:
సంతకం పెట్టి తీసుకోవాలి.
సాయంత్రం లెక్కలో ఒకటి తగ్గితే
బ్యారక్ మొత్తానికి అన్నం ఆలస్యం.

పలక మీద కుడి నుంచి ఎడమకి పొడవాలి,
ప్రతి అక్షరం తిరగేసి.
కాగితం బోర్లిస్తేనే చదువు.
"మనకిది కొత్తేం కాదులే" అన్నాడు ఆర్విల్ టకెట్.
పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీ అతనిది.
తప్పు చుక్కని గోటితో అణిచి చూపించాడు.
కంటికి మాయమైంది.
"కళ్ళు మూసుకుని తడుము" అన్నాడు.
ఉంది.

కంప్యూటర్లో ఇంకో తంతు.
ఎఫ్, డి, ఎస్ ఎడమ చుక్కలు. జె, కె, ఎల్ కుడివి.
కలిపి నొక్కాలి, కలిపి వదలాలి.
ఒక వేలు బద్ధకిస్తే ఇంకో అక్షరం పుడుతుంది,
యంత్రం కిమ్మనదు.
వరసకి నలభై గళ్ళు.
ఒక్కో గడిని సెల్ అంటారు.
నవ్వు రాలేదు మొదట్లో.

పొట్టి రాతల పట్టిక గోడకి అంటించాను.
కె ఒక్కటే ఉంటే జ్ఞానం,
పి ఒక్కటే ఉంటే జనం,
ఎమ్ ఒక్కటే ఉంటే 'ఇంకా'.
అదే ఎమ్ ముందు అయిదో చుక్క, కుడిపక్క నడిమిది,
పడిందంటే 'అమ్మ'.

నాకిచ్చింది నాలుగో తరగతి భూగోళం.
ఎవరో పిల్లకట, ఊరు చెప్పరు,
బడి తెరిచేలోపు కావాలి.
ఎడారి దాటాను. పటాల దగ్గర
మూడు వారాలు కూలబడ్డాను.

లింకన్ నుంచి హెస్టర్ లింక్విస్ట్ ఉత్తరం.
ఆవిడ వేళ్ళతో దిద్దుతుంది:
"పదిహేడో పుట, నాలుగో వరస.
కొండజనం నదిని అమ్మ అంటారు, అని కదా పుస్తకంలో.
మీరు 'ఇంకా అంటారు' అని రాశారు.
చుక్క ఒకటి పడలేదు.
పటాలు బాగున్నాయి. డెల్టా దగ్గర వేలు కాసేపు ఆగింది."

ఆ చుక్క పెట్టాను.
పెట్టడం తేలికే.

ఆదివారం ఫోను, పదిహేను నిమిషాలు.
మోకాళ్ళు, పక్కింటి కుక్క, చలి అయిపోయాక
అమ్మ ఎప్పుడూ "ఇంకా?" అంటుంది.
ఏడేళ్ళుగా నా దగ్గర ఇంకా ఏమీ లేదు.
ఈసారి చెప్పాను, ఆ చుక్క సంగతి, ఆ నది సంగతి.
లైనులో గరగర.
ఒక నిమిషమే ఉందని యంత్రం హెచ్చరించింది.
అమ్మ గొంతు సర్దుకుంది.

"ఇంకా?"