పన్నెండు బైట్లు

కాస్ట్రోలో వాన మొదలైతే ఎప్పుడాగుతుందని ఎవరూ అడగరు.
పొయ్యిలో తడికట్టె చిటపటలు, ఒళ్లో లాప్‌టాప్,
కిటికీ అవతల కొయ్యకాళ్ల మీద నిలబడ్డ ఇళ్లు,
వాటి కింద వచ్చీపోయే సముద్రం.
రాత్రి ఒకటి నుంచి నాలుగు దాకా నాకిచ్చిన గడువు.

మాది చిన్న కంపెనీ. సగం ఈ దీవిలో,
సగం అక్కడెక్కడో కొయాయికేలో.
మధ్యలో మాకు సొంత తీగ లేదు.
ప్వెర్తో మోన్త్ పెద్ద కంపెనీవాళ్లు
మా మూటను తమ మూటలో కట్టి మోస్తారు.
మా మూటలో మళ్లీ మా ఖాతాదార్ల మూట.
మోసేవాడు పైచీటీ చదువుతాడు, అంతే.
లోపలేముందో అడగడు. అడగననే సంతకం పెట్టాడు.

కెయోన్ ఆసుపత్రికీ, ఆ పక్క సాల్మన్ ఫ్యాక్టరీకీ
ఒకటే అడ్రసు: పది, ఇరవై, సున్నా, ఒకటి.
ఎవరికి వాళ్లు తమదే అనుకుని పెట్టుకున్నారు.
అందుకని చెరో ఇంటిపేరు తగిలించి
వేర్వేరు పట్టికల్లో కూర్చోబెట్టాను.
ఒకే వీధిలో నడుస్తారు,
జన్మలో ఎదురుపడరు.

దారి చెప్పేటప్పుడు చీటీ కూడా ఇవ్వమనే లైను
పోయినసారి మరిచాను.
దారులన్నీ తెరమీద బారులు తీరాయి,
నడిచినవాడొక్కడూ చేరలేదు.
ఈసారి ఆ లైనును వేలు పెట్టి చదివాను.

ఒకటీ నలభై. పింగ్ కొట్టాను.
ఐదు ఆశ్చర్యార్థకాలు, వరసగా.
మాతే కలుపుకుని ఒక గుక్క తాగానో లేదో
కొయాయికే నుంచి డాక్టర్ ఓయార్సో ఫోను:
"పేరొచ్చింది. వయసొచ్చింది.
ఎముక రాలేదు."

ఎక్స్‌రే బరువు.
చిన్నమాట దూరిపోయే సందులో
పెద్దమాట ఇరుక్కుందన్నమాట.
పింగ్ సైజు పెంచుకుంటూ పోయాను.
పద్నాలుగొందల ఎనభై ఎనిమిది: ఐదు ఆశ్చర్యార్థకాలు.
ఎనభై తొమ్మిది: ఐదు చుక్కలు.
వేళ్ల మీద లెక్కేశాను. చీటీకి నాలుగు, మూడు చీటీలు.

తాత లిసాంద్రో ఇల్లు తరలించిన రోజు గుర్తొచ్చింది.
గోడలతో, పైకప్పుతో, పొయ్యితో సహా
దుంగల మీదికెక్కించి ఎద్దులు లాగుతుంటే
ఊరంతా ఒక భుజమైంది.
చర్చి మలుపు దగ్గర ఒక జానెడు చాల్లేదు.
ఇల్లు చెక్కేద్దామన్నాడొకడు.
తాత మాట్లాడలేదు. వెళ్లి తలుపు తట్టి
కంచె ఎవరిదో వాళ్లనే రెండు గుంజలు పీకమన్నాడు.

ప్వెర్తో మోన్త్‌లో రాత్రి డ్యూటీ ఎలియాసర్ బర్రీయా.
"మా వైపంతా పచ్చగా ఉంది" అన్నాడు,
అందరూ ముందు అదే అంటారు.
"మధ్య లింకు కొలత చూడు. పదిహేనొందలేనా?"
నిశ్శబ్దం. కీబోర్డు. చిన్న బూతు.
పదహారొందలకు పెంచాడు.
మూడు సెకన్లు అన్నీ ఎర్రబడి
మళ్లీ ఒకటొకటిగా లేచాయి.

రెండూ యాభై.
డాక్టర్ మళ్లీ చేసింది, నిద్రగొంతుతో:
"వచ్చింది. మణికట్టు. సన్నటి పగులు.
ఐసు మీద జారిందట పిల్ల,
సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు."

ఏమీ అనలేకపోయాను.
రెండు పట్టికల్నీ ఇంకోసారి తెరిచి చూశాను.
ఒకదాన్లో ఇంకోదాని జాడ లేదు.
కాన్ఫిగ్ సేవ్ చేసి
పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.