తాడు మీది వణుకు

పొయ్యికి దూరం జరిగితే చలేస్తుంది.
ఈ సంగతికి శాస్త్రం అక్కర్లేదు.
చిలీలో, కోకింబో కొండల్లో, జూలై మధ్యాహ్నం
మేకలకు కూడా తెలుసు.

మరి సూర్యుడి దగ్గర?
"ఒంటి మీద ఐదున్నర వేల డిగ్రీలు," అంది హిమెనా
టెలిస్కోపు కాళ్ళ కింద రాళ్ళు సర్దుతూ,
"ఒళ్ళు దాటి బయటికి పోతే, ఆ పలచటి పొరలో
పది లక్షలు. ఒక్కోచోట ఇరవై.
ఎనభై ఏళ్ళుగా అడుగుతున్నాం, ఎందుకని."

ఎర్మోహెనెస్ నమ్మలేదు.
ముప్పై ఏళ్ళు రాగి గనిలో చేసిన మనిషి.
ఇప్పుడు మేకలు, జున్ను, ఒక చెవిటి కుక్క.
మా పెట్టెల్ని గాడిదల మీద కొండెక్కించి
డబ్బు వద్దన్నాడు,
గ్రహణం చూసే అట్టముక్క కళ్ళజోడు ఒకటి చాలన్నాడు.
"పొయ్యి కంటే పొయ్యి చుట్టూ గాలి వేడా?
నా భార్య రొట్టెలు పెరట్లోనే కాలేవి అయితే."

హిమెనా నా వైపు చూసింది.
నేను బ్యాటరీల వాణ్ణి.
నాకు తెలిసింది తీగలు, వాటి బిగింపులు.

చివరికి మేకల్ని కట్టే తాడొకటి తీసి
ఒక కొస అతని చేతిలో పెట్టి
రెండో కొస తను విదిలించింది.
అల పాములా పాకిపోయి
అతని మణికట్టును తాకింది.

"లోపల సూర్యుడు
గంజిలా కుతకుతలాడుతుంటాడు.
అందులో పాతుకున్న అయస్కాంతపు గీతలు
నీ తాడులాగే బయటికి సాగి ఉంటాయి.
కింద కుదిపితే వణుకు పైకి పాకుతుంది.
ప్లాస్మా ఉన్నచోటే ఊగుతుంది,
ప్రయాణమంతా వణుకుది.
పైన ఎక్కడో అది చిక్కుపడి, చీలి, నలిగి
వేడవుతుంది.
కావచ్చు."

"కావచ్చా?"
"కావచ్చు. వేరే లెక్కలూ ఉన్నాయి."

అతను తాడు వదల్లేదు.
దాని పురుల్ని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు.

"మా గనికి గంట ఉండేది కాదు.
కిందివాడు తాడు ఊపుతాడు.
రెండు ఊపులు, బకెట్ లాగు.
మూడు, మనిషిని లాగు.
తొంభై మీటర్ల చీకట్లోంచి
ముఖం రాదు, గొంతు రాదు,
వణుకొస్తుంది.
ఒకరోజు లెక్కలేనన్ని వచ్చాయి."
కుక్క వీపు నిమిరాడు.
"లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి.
మంట ఎక్కడా లేదు."

కింద ఎవరని మేం అడగలేదు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి
సముద్రం మీంచి వచ్చింది నీడ.
మేకలు పడుకుంటాయన్నారు, పడుకోలేదు.
ఒకటి నా కేబుల్ నమలబోయింది.
కింద ఊళ్ళో ఈలలు, తర్వాత ఈలలు కూడా ఆగిపోయి
పైన ఒక నల్లటి కంత,
దాని చుట్టూ తెల్లటి జుట్టు విరబోసుకుని ఎవరో.

రెండున్నర నిమిషాలు.
హిమెనా తలెత్తలేదు.
తెర మీద ఒక ఆకుపచ్చ గీత కోసం చూస్తోంది.
గీత వచ్చింది.
"ఇనుము," అన్నాను ఎర్మోహెనెస్‌తో.
"కరిగిన ఇనుమా?"
"కరిగి, ఆవిరై, పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము."
టోపీ తీశాడు.
ఆ గీత ఉండాల్సిన దానికంటే కాస్త లావుగా ఉంది.
ఆ లావులోనే వణుకు దాక్కుందేమో
ఏడాది లెక్కలు కడితే గాని చెప్పలేం.

వెలుగు తిరిగొచ్చింది, సిగ్గులేకుండా, మామూలుగా.
నేను వైర్లు చుట్టాను.
అతను మాత్రం తాడు చుట్టలేదు.
రెండో కొస ఇంకా హిమెనా కాళ్ళ దగ్గర దుమ్ములో ఉంది.
మెల్లగా రెండుసార్లు ఊపాడు.

ఆమె వంగి, కొస అందుకుని,
మూడుసార్లు ఊపింది.