క్రియ లేని మాట

మైనస్ పందొమ్మిది.
పొద్దున నలభై మూడు శాతంతో బయల్దేరిన ఫోను
పైన్ చెట్లు మోకాలెత్తుకి కుదించుకుపోయే చోటికి వచ్చేసరికి
పన్నెండు చూపిస్తోంది.

నా వీపు మీద గ్యాసు సిలిండరు, క్యాబేజీ బస్తా.
వెండెలీన్ వీపు మీద బంగాళాదుంపలు, పిండి, బీరు పీపా,
అన్నిటి పైనా, ఆకాశాన్ని ఊడుస్తూ, ఒటీలియాకి కొత్త చీపురు.
తత్రా కొండల్లో ఈ బసకి రోడ్డు లేదు,
చెక్కచట్రం భుజాలకి కట్టుకున్న మనుషులే రోడ్డు.
నాకిది మొదటి చలికాలం.
ఆయనకి ముప్పై ఒకటోది.

అంచు మీద కొండమేక కనబడి ఆగాను.
దాని ముక్కులోంచి ఆవిరి, వెనక ఎర్రటి శిఖరం.
తొడుగు వేసుకున్న వేలిని తెర గుర్తుపట్టదు.
పళ్ళతో తొడుగు లాగేసరికి వేళ్ళు పుల్లలైపోయాయి.
చివరికి ముక్కు కొనతో నొక్కాను.
మేక వెళ్ళిపోయింది.
ఫోటోలో నా ముక్కురంధ్రాలే పడ్డాయి, బాగా దగ్గరగా.
ఆపైన తెరంతా నలుపు.

"చచ్చింది" అన్నాను.
"ముడుచుకుంది" అన్నాడు వెండెలీన్. "ఇటు తే."
ఉన్ని మేజోడులో దూర్చి
నాలుగు చొక్కాల లోపల, చంకలో పెట్టుకున్నాడు.
పొదుగుతున్న కోడిలా
ఒక మోచెయ్యి కదపకుండా నడిచాడు గంటన్నర,
అరవై కిలోల కింద.
"మా నాన్న రొట్టెని ఇలాగే మోసేవాడు.
బిగుసుకున్న రొట్టెకి గొడ్డలి కావాలి మరి."

అంతలో గాలి దిక్కు మార్చింది.
దారికి గుర్తుగా పాతిన కర్రల్లో
ఒకటి కనిపించింది, దాని తర్వాతది కనిపించింది,
దాని తర్వాతది లేదు.
నాలుగింటికి మా కోసం చూస్తానంది ఒటీలియా.
ఐదు దాటింది.

బండ చాటున చతికిలబడి ఫోను బయటికి తీశాడు.
గోరువెచ్చగా ఉంది, చెమట వాసనేస్తోంది,
నిద్రమొహంతో కన్ను తెరిచింది: నాలుగు శాతం.
నాలుగు శాతంలో ఎన్ని మాటలు పడతాయి?
పొగమంచు ముసిరింది, ఆలస్యమవుతుంది, కంగారుపడకు...
నేనింకా పేర్చుకుంటున్నాను.
ఆయన అప్పటికే చెవికి ఆనించి
"ఇద్దరం" అన్నాడు.

అంతే.
తెర మళ్ళీ నల్లరాయి.
చుట్టూ తెలుపు, చేతిలో నలుపు.
"వినపడిందంటావా?"
"వినపడే ఉంటుంది" అన్నాడు, చట్రం ఎత్తుకుంటూ.

పాదంతో తడుముకుంటూ నడిచాం.
మంచు గట్టిగా ఉంటే దారి, మెత్తగా ఉంటే లోయవైపు.
ఏడున్నరకి గంట వినపడింది,
ఇనప మూకుడుని గరిటెతో ఎవరో బాదుతున్నారు.

వాకిట్లో ఒటీలియా.
నెత్తిన దీపం, నడుముకి తాడు,
పక్కన పరిచి ఉంచిన స్ట్రెచరు, దాని మీద రెండు కంబళ్ళు.

"ఇద్దరం ఏమిటి?" అని అరిచింది.
"ఇద్దరం జారిపోయామా? ఇద్దరం దారి తప్పామా?
ఇద్దరం వెనక్కి తిరిగామా?
రెండున్నర గంటల నుంచి ఆ ఒక్క మాటకి
నాకు తెలిసిన క్రియలన్నీ తగిలించి చూశాను!"

వెండెలీన్ గడ్డంలోని మంచుపెళ్ళలు విరుచుకుంటూ,
"ఇద్దరం బాగున్నాం, టీ పెట్టు, అందామనుకున్నా."
"ముందు టీ అని ఏడవాల్సింది!"

తర్వాత మా ఇద్దరికీ తేనె కలిపిన టీ ఇచ్చింది.
తను తాగలేదు.
క్యాబేజీలు స్ట్రెచరు మీదే దొర్లించాం,
కంబళ్ళు కప్పుకుని అవి హాయిగా ఉన్నాయి.
కొత్త చీపురు చూసి ఏమీ అనలేదు,
దాంతో వాకిలి ఊడ్చింది, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.
పొయ్యి దగ్గర ఆరుతున్న మేజోళ్ళ మధ్య ఫోను
ఉన్నట్టుండి కిచకిచమంది:
'సాయంత్రం పొగమంచు. ప్రయాణం వద్దు.'
ఎవరం నవ్వలేదు మొదట.

ఆ చలికాలం ఇంకా పద్నాలుగు సార్లు ఎక్కాను.
ఫోను ఇప్పుడు నా చంకలోనే ఉంటుంది.
బండ దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి,
వ్యాకరణాన్ని తలకిందులుగా పట్టుకుని చెబుతాను:

వస్తున్నాం.
ఇద్దరం.