ఇత్తడి బిళ్ల

బొగ్గు అయిపోవచ్చే వేళకి
బోహుమ్‌లో విశ్వవిద్యాలయం కట్టారు.
తాత దిగిన నేల మీదే
నేను మూడో అంతస్తు ఎక్కుతాను.
కిటికీ లేని గది,
ఆసిలోస్కోపు మీద వణికే ఆకుపచ్చ గీత,
నిన్నటి కాఫీ.

నా పరిశోధన చాలా చిన్నది.
తలుపు తీసే ఒక కార్డు, అందులో గోరంత చిప్పు.
రహస్య సంఖ్య చెప్పమంటుంది.
చెబుతాను. తప్పంటుంది.
ఇంకొకటి చెబుతాను. అదీ తప్పే.
జవాబుతో నాకు పనిలేదు,
కాదనడానికి అది ఎంతసేపు తీసుకుందో
రాసుకుంటాను.

మొదటి అంకే తప్పయితే ఠక్కున కాదంటుంది.
మొదటిది కుదిరి, రెండోది తప్పితే
రవ్వంత ఆగి కాదంటుంది.
ఆ రవ్వంతలోనే ఉంది గుట్టంతా.
ఇన్నాళ్ళూ గోడలకే చెవులనుకున్నాం.
తాళానికి చెవి ఉందని పేరే చెబుతోంది,
నోరు కూడా ఉందని
నేను ఫిబ్రవరిలో కనిపెట్టాను.
పదహారు అంకెలూ
నలభై నిమిషాల్లో కక్కేసింది.

ఆ సంబరం చెప్పుకుందామని తాత దగ్గరికి వెళ్ళాను.
ఎగోన్ తాతకి ఎనభై ఆరు,
ఊపిరి తీస్తే ఈల వినిపిస్తుంది.
బాల్కనీలో పావురాలు లేవు, గూళ్ళున్నాయి.
మేకుకి ఇత్తడి బిళ్ల వేలాడుతోంది: 1147.

"ఇదే మా కార్డు" అన్నాడు.
"దీపాల గదిలో కొక్కేనికి ఉండేది.
దిగేవాడు తీసుకుపోతాడు, పైకొచ్చి తగిలిస్తాడు.
కొక్కెం ఖాళీ అంటే మనిషి కిందున్నట్టు."

"ఇంకొకడి బిళ్ల తీసుకుపోతే?" అన్నాను,
ఎవరి పరికరాన్నయినా అడిగే ప్రశ్నే.

తాత ఆగాడు.

టీ చల్లారేంతసేపు కాదు,
ట్రాము వచ్చి పోయేంతసేపూ కాదు.
కానీ నేను ఆగడాలు కొలిచేదాన్ని.
మొదటి అంకె కుదిరిందని
నాకు తెలిసిపోయింది.

"ఎవరు తాతా?"

అరవై ఆరులో ఒక ఆదివారం,
బెల్జియం నుంచి అతని పావురం రావాలి.
పందెం. కాలి ఉంగరం తీసి
గడియారంలో పడేస్తేనే లెక్క.
ఆ పూట వంతుకి సెలామి దిగుతానన్నాడు,
కూలీ అతనికే,
బిళ్ల మాత్రం 1147.
పైకప్పు కూలింది పదిన్నరకి.

నాయనమ్మకి కబురొచ్చింది, ఎగోన్ పోయాడని.
ఎగోన్ అప్పుడు డాబా మీద
పావురాన్ని గుండెకి పట్టుకుని కూర్చుని ఉన్నాడు.
కింద ఏడుపు వినిపిస్తోంది.
తన కోసమే ఏడుస్తున్నారు,
మెట్లు దిగడానికి కాళ్ళు రాలేదు.
మూడు గంటలు.

బోర్డు మీద సెలామి బిళ్ల కొక్కేనికే ఉంది.
కిందలేని మనిషిని ఎవరు వెతుకుతారు?
హాస్టల్లో అతని మంచం పక్కన
ఉత్తరం ఒకటి సగం రాసి ఉందట, జొంగుల్దాక్‌కి.

"ముందే చెప్పి ఉంటే బతికేవాడా?"
ఇది నేను అడగలేదు.
తాతే అడిగాడు, గూళ్ళ వైపు చూస్తూ.

నా సిద్ధాంత గ్రంథంలో
దాడి చేసేవాణ్ణి వర్ణించే అధ్యాయం ఉంది.
అతనికి ఏం తెలుసు, చేతిలో ఏముంది,
ఎంత ఓపిక.
అక్కడ ఒక వాక్యం చేర్చాను:
'అతను స్నేహితుడు కావచ్చు,
మేలు చేయడానికే వచ్చి ఉండవచ్చు.'
ప్రొఫెసర్ టెర్‌హార్న్ ఎర్ర గీత కొట్టి
పక్కన రాశాడు: ఆధారం?

తీసేశాను.

చిప్పుకి మందు తేలికే.
తప్పని మొదట్లోనే తెలిసినా సరే
చివరి అంకె దాకా చూడాలి, అప్పుడే కాదనాలి.
ఏ తప్పుకైనా ఒకే సమయం.
ఆరు పంక్తులు రాశాను.
పరీక్షకి మొదట ఇచ్చిన సంఖ్య 1147తో మొదలవుతుంది,
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఆకుపచ్చ గీత చదునైపోయింది.

ఇప్పుడు ఆదివారాలు వెళ్తున్నాను.
"మందులు వేసుకున్నావా?"
ఆగి, "ఆఁ" అంటాడు.
"వాన పడుతోందా?"
అంతే ఆగి, "లేదు, వీబ్కె."
"ఆ రోజు గెలిచిందా, పావురం?"

అంతే ఆగాడు.
సరిగ్గా అంతే.