కవరు అని రాసి ఉన్న చోట

రెండు నెలల అద్దె బాకీకి బదులు
ఇరాక్లీ తన లాప్‌టాప్ వదిలేసి కొండల మీదికి పోయాడు,
హోటల్లో చలికాలం పని.
"అమ్మేసుకో జుజునా పిన్నీ" అన్నాడు.
కుతాయిసి బజారులో దానికి ఎవడూ ధర కట్టలేదు.
మూత తెరిస్తే లోపల ఒక యంత్రం బొమ్మ.
బొమ్మే. కానీ మోగుతుంది.

పాత రేడియోకి ఉండేలాంటి బిరడాలు,
నలభై మూడు లెక్కపెట్టాను.
మొదటిది తిప్పాను, ఏమీ కాలేదు.
రెండోది తిప్పాను, ఏమీ కాలేదు.
పదకొండోది తిప్పితే
పక్కింటి గుగులీ గోడను చెప్పుతో బాదింది.

నాకు సంగీతం రాదు.
మా దేశంలో ఈ మాట అనడం
రేవులో పుట్టి ఈత రాదనడమే.
పెళ్లికైనా చావుకైనా బల్ల చుట్టూ కూచున్నవాళ్లు
ఎవరూ చెప్పకుండానే మూడు గొంతులుగా విడిపోతారు.
నా ఎనిమిదో ఏట మేనమామ భుజం తట్టి
"నువ్వు గ్లాసులు నింపమ్మా" అన్నాడు.
యాభై మూడేళ్లుగా నింపుతున్నాను.

లాటిన్ అక్షరాలు నాకు చిరునామాల మేరకే వచ్చు.
ముప్పై రెండేళ్లు టపా మోశాను కదా,
బెర్లిన్ అనీ, బారీ అనీ, తెస్సలొనీకీ అనీ
వానకి చెదిరిన సిరాలో కూడా పోల్చగలను.
ఆసిలేటర్ అని ఏ ఊరూ లేదు.
రెజొనెన్స్ అనే వీధిలో నాకు తెలిసినవాళ్లు లేరు.
నిఘంటువు చంకన పెట్టుకుని
ఒక్కో బిరడా తలుపూ తట్టాను.
సగం మాటలకి నిఘంటువే చేతులెత్తేసింది.

పదో రాత్రి, కుడి మూలన, ఎన్వలప్.
నిఘంటువు చెప్పింది: కవరు.
గట్టిగానే నవ్వాను, వంటింట్లో ఒక్కదాన్నే.
ఇక్కడికి కూడా వచ్చావూ?

కవరు కింద నాలుగు మీటలు.
దాడి. కుళ్లు. పోషణ. విడుదల.
నిఘంటువు ఇచ్చిన అర్థాలివి.
ఏ ఉత్తరంలోనూ ఇలా ఉండదు,
ఏదో యుద్ధం తాలూకు ఒప్పందంలా ఉంది.
పైకీ కిందికీ జరిపాను.
శబ్దం ఒకసారి చెంపదెబ్బలా వచ్చింది,
ఒకసారి పొగమంచులా, ఎప్పుడు మొదలైందో తెలియకుండా.
ఎందుకలా అంటే నాకేం తెలుసు.
టీ చల్లారింది.

అప్పుడు వార్లామ్ ఇంటి కుక్క గుర్తొచ్చింది.
ఉకిమెరియోని మెట్లలో నూట పన్నెండో మెట్టు దగ్గర గేటు.
చెయ్యి వేశానో లేదో
ఒక్క ఉదుటున మీదికొచ్చే అరుపు. దాడి.
నేనేనని తెలిశాక కాస్త దిగేది.
వార్లామ్ కళ్లజోడు వెతుక్కుని సంతకం పెట్టేదాకా
అదే ఎత్తులో గుర్రుమంటూ నిలబడేది.
సంచీ సర్దుకుని నేను మలుపు తిరిగినా
వెంటనే ఆపేది కాదు,
మెట్టు మెట్టుకీ సన్నబడుతూ, సన్నబడుతూ
కింద రొట్టెల కొట్టు దగ్గర నన్ను వదిలేది.

ముప్పై రెండేళ్లు రోజూ విన్నాను.
వాటికి పేర్లున్నాయని ఎవరు చెప్పారు?

ఇక అంతా వచ్చేసిందనుకోకండి.
వారం రోజులు కుక్కనే చేశాను, కుక్క రాలేదు.
తలుపు కిర్రు వచ్చింది, సైకిల్ పంపు వచ్చింది,
ఒక తెల్లవారుజామున మా పోస్టుమాస్టరు దగ్గు
అచ్చం దిగింది, చివర్లో ఆ చిన్న ఈలతో సహా.
దాచడం చేతకాక పోగొట్టుకున్నాను.
ఆయన పోయి ఆరేళ్లు.
అప్పుడు ఏడవలేదు.

నిన్న నాయిజ్ అని ఉన్న బిరడా ముట్టుకున్నాను.
వట్టి హోరు, మార్చి నెల రియోని నదిలా.
ఫిల్టర్‌ని కిందికి, ఇంకొంచెం కిందికి,
వెంట్రుక మందం వెనక్కి.
హోరు పలచబడి పలచబడి
రేకుల కప్పు మీద
ఎండ ఉండగానే రాలే సన్నటి చినుకులైంది.
మా భాషలో ఆ వానకే జుజునా అని పేరు.

గోడ అవతల కుర్చీ జరిగింది.
"వాన! బట్టలు తీశావా?" అని గుగులీ కేక,
మేడ మెట్ల మీద ఆవిడ పరుగు.

ఆపేదాన్నే.
కాసేపు కురవనిచ్చాను.